శుక్రవారం ఇంటికొచ్చే పుస్తకం



ఈ మధ్య ఏదో ఒక శుక్రవారం సాయంత్రం మీ పిల్లల బ్యాగులో, నోట్‌బుక్కుల మధ్య, ఒక సన్నని బొమ్మల పుస్తకం మీకు కనిపించి ఉంటుంది. పేజీకి రెండు మూడు వాక్యాలు, మిగతాదంతా బొమ్మే. అది సిలబస్‌లోది కాదు, పరీక్షకు రాదు, దానికి విడిగా ఫీజు కూడా లేదు. మన స్టేషన్ ఘన్‌పూర్ బ్రాంచిలో ఒకటి నుంచి ఐదో తరగతి వరకు లైబ్రరీ పీరియడ్ నాది. ఆ పుస్తకం పంపుతున్నది నేనే. ఎందుకు పంపుతున్నానో డైరీలో రెండు లైన్లలో రాస్తే సరిపోదనిపించి, ఈ నెల ఈ పేజీ అడిగి తీసుకున్నాను.

ఈ ఏడాది పంపుతున్నవాటిలో ఎక్కువ భాగం ఆడవాళ్ల జీవిత కథలు. పోయిన పేరెంట్స్ మీటింగ్‌లో ఒక నాన్నగారు అలాంటి పుస్తకం ఒకటి తెచ్చి నా టేబుల్ మీద పెట్టారు. "గిది ఆడివిల్లల పుస్తకం గద మేడమ్, మా పిల్లగానికెందుకిచ్చిన్రు?" అన్నారు. కోపంతో కాదు, నిజంగానే అర్థం కాక అడిగారు. "గాంధీ తాత పాఠం మీ క్లాసులో ఆడపిల్లలు కూడా చదివారు కద సార్" అన్నాను. ఆయన ఒక్క క్షణం ఆగి, నవ్వి, పుస్తకాన్ని మళ్లీ బ్యాగులో పెట్టారు. మీలో ఇంకొందరికి కూడా ఆ ప్రశ్న ఉండి ఉంటుంది. నన్నడిగితే ఈ పుస్తకాలు మగపిల్లలకే ఎక్కువ అవసరం. ఇంట్లో అమ్మ, అక్క ఏం చేస్తున్నారో రోజూ చూస్తూ కూడా చూడనట్టు పెరగడం వాళ్లకు తేలిక.

మన పిల్లలకు గొప్ప ఆడవాళ్లు తెలియరని కాదు. ఆగస్టు 15 వచ్చిందంటే మన స్టేజి నిండా ఝాన్సీ లక్ష్మీబాయిలు, రుద్రమదేవులే. అట్ట కత్తి, వెండి కాగితం కిరీటం, అమ్మ పట్టుచీర. ఫొటోలయ్యాక "ఆమె ఏం చేసింది నాన్నా?" అంటే "యుద్ధం చేసింది" అంటారు. ఎవరితో అంటే దిక్కులు చూస్తారు. తప్పు వాళ్లది కాదు, మనం ఇచ్చింది కత్తి వరకే.

అదే రుద్రమదేవి గురించి మూడో తరగతికి ఇంకోలా చెప్పి చూశాను. తండ్రి గణపతిదేవుడి తర్వాత ఓరుగల్లును ఏలిన ఆమె, శాసనాల్లో రుద్రదేవ మహారాజు అనే మగపేరుతో కనిపిస్తుంది. పిల్లలు వెంటనే పట్టుకున్నారు: "మగపేరు ఎందుకు మేడమ్?" ఆ ఒక్క ప్రశ్నతో పీరియడ్ అయిపోయింది. మర్నాడు చందుపట్ల శాసనం గురించి చెప్పాను. నల్లగొండ జిల్లాలో నకిరేకల్ దగ్గర చందుపట్ల అనే ఊళ్లో ఒక రాయి ఉంది. పువ్వుల ముమ్మడి అనే అతను 1289లో, రుద్రమదేవికి పుణ్యం కలగాలని దానం చేసి వేయించిన శాసనం అది. ఆమె ఎప్పుడు కన్నుమూసిందో చరిత్రకారులకు తేల్చి చెప్పింది ఆ రాయే. ఓరుగల్లు కోట మనకు గంట దూరంలోనే ఉంది, చాలామంది పిల్లలు చూశారు కూడా. కానీ వాళ్ల కళ్లు మెరిసింది కోట గురించి విన్నప్పుడు కాదు, ఒక ఊరి రాయి మహారాణి కబురు ఏడు వందల ఏళ్లు దాచిపెట్టిందన్నప్పుడు.

ఇలాంటి కథలకు బొమ్మల పుస్తకమే సరైన చోటు. ఏడెనిమిదేళ్ల పిల్లలకు తారీకులు, పదవులు, బిరుదులు తలకెక్కవు. ఒక మనిషి చిన్నప్పుడు ఎలా ఉండేది, ఏది చూసి ముచ్చటపడింది, ఎవరు వద్దన్నారు, ఆ రోజు ఆమె ఏం చేసింది అన్నవి ఎక్కుతాయి. మంచి పుస్తకంలో వాక్యం చెప్పనిది బొమ్మ చెబుతుంది. చదవడం రాని పిల్ల కూడా పేజీలో ఒక మూలనున్న పిల్లిని చూపించి నాకు తెలియని సంగతి చెబుతుంది.

ఉదాహరణకు అన్నా మణి. ఆమె మీద ప్రథమ్ బుక్స్ వాళ్లు తెచ్చిన బొమ్మల పుస్తకం మా లైబ్రరీలో ఎక్కువగా నలిగిన వాటిలో ఒకటి. నందితా జయరాజ్ రాశారు, ప్రియా కురియన్ బొమ్మలు వేశారు. అన్నా మణి 1918లో కేరళలోని పీర్మేడులో పుట్టింది. వాళ్లింట్లో ఆడపిల్లకు ఎనిమిదో పుట్టినరోజుకు వజ్రాల కమ్మలు పెట్టడం ఆనవాయితీ. ఆ పిల్ల కమ్మలు వద్దు, ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా పుస్తకాలు కావాలంది. పెద్దయ్యాక సి.వి. రామన్ ప్రయోగశాలలో పనిచేసింది. ఎమ్మెస్సీ లేదని ఆమె పరిశోధనకు డాక్టరేట్ ఇవ్వలేదు. ఆ తర్వాత వాతావరణ శాఖలో చేరి, వాన, గాలి, ఎండ కొలిచే పరికరాలు మన దేశంలోనే తయారయ్యేలా చేసింది. ఇవాళ టీవీలో వర్షపాతం ఇన్ని మిల్లీమీటర్లని చెబుతుంటే వెనక ఆమె పని కూడా ఉంది.

కమ్మల సంగతి చెప్పగానే క్లాసులో ఆడపిల్లలందరూ చెవులు తడుముకున్నారు. ఒక పాప మాత్రం "నేనైతే రెండూ అడుగుత" అంది. నాకు ఆ జవాబు బాగా నచ్చింది. పుస్తకాలు ఇష్టమైతే నగలు ఇష్టం ఉండకూడదని ఎక్కడా రాసి లేదు.

ఇక్కడ మీకో మాట. మీలో కొందరు ఆన్‌లైన్‌లో వందమంది గొప్ప ఆడవాళ్లు అని ఒకే పెద్ద పుస్తకం తెప్పిస్తున్నారు. 2016లో ఇద్దరు ఇటలీ రచయిత్రులు ఇంగ్లిష్‌లో తెచ్చిన 'గుడ్‌నైట్ స్టోరీస్ ఫర్ రెబెల్ గర్ల్స్' తర్వాత ఆ రకానివి చాలా వచ్చాయి. బొమ్మలు అందంగా ఉంటాయి, బహుమతి ఇవ్వడానికి బాగుంటాయి. కానీ ఒక్కొక్కరికీ ఒక్క పేజీ కథ, ఒక్క బొమ్మ అయ్యేసరికి అవి మన జీకే బిట్స్ లాగే తయారవుతాయి. మొదటి మహిళా పైలట్ ఎవరు, మొదటి మహిళా డాక్టర్ ఎవరు, టిక్కు పెట్టు, పేజీ తిప్పు. ఒక మనిషి బతుకంతా "మొదటి" అన్న ఒక్క మాటలోకి కుదించుకుపోతుంది. అంత డబ్బు పెట్టేకంటే ఒక్కరి కథే ఉన్న చిన్న పుస్తకాలు నాలుగు కొనండి. అది కూడా వద్దనుకుంటే ఫోన్‌లోనే, ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల పుస్తకాలు పైసా ఖర్చు లేకుండా చదవొచ్చు. సికింద్రాబాద్ మంచి పుస్తకం వాళ్ల దగ్గర తెలుగులో పిల్లల పుస్తకాలు చవకగా దొరుకుతాయి.

అయితే మన తెలుగు ఆడవాళ్ల కథలు చిన్న పిల్లల చేతిలో పెట్టేలా వెతకబోతే మా అరలు వెలవెలబోతాయి. స్పెయిన్ నుంచి వచ్చిన పుస్తకం తిరగేసి ఫ్రీడా కాలో ఎవరో చెప్పే పిల్లలు మన ఐదో తరగతిలో ఇద్దరున్నారు. సంతోషమే. దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఎవరంటే ఆ ఇద్దరూ తల గోక్కున్నారు.

ఆమె కథ అచ్చం బొమ్మల పుస్తకం కోసమే జరిగినట్టు ఉంటుంది. 1923లో కాకినాడలో కాంగ్రెస్ మహాసభ. పక్కనే ఖాదీ ప్రదర్శన. గేటు దగ్గర వాలంటీరుగా పద్నాలుగేళ్ల దుర్గాబాయి. టికెట్ లేనిదే ఎవరినీ లోపలికి పంపొద్దని ఆమెకు చెప్పారు. జవహర్‌లాల్ నెహ్రూ వచ్చారు, చేతిలో టికెట్ లేదు. ఆపేసింది. నిర్వాహకులు కంగారుపడి వచ్చి టికెట్ కొన్నాకే ఆయన లోపలికి వెళ్లారు. పిల్ల తన డ్యూటీ తాను చేసిందని మెచ్చుకున్నారు కూడా. మన పిల్లలకు ఇది చెబితే మూడు రోజులు స్కూల్ గేటు దగ్గర ఒకటే ఆట: ఒకరు నెహ్రూ, ఒకరు దుర్గాబాయి, మిగతావాళ్లంతా కంగారుపడే నిర్వాహకులు. (అప్పటికి నెహ్రూ ప్రధాని కాదని నాలుగుసార్లు చెప్పాను. ఎవరూ విన్నట్టు లేదు.)

కానీ అదే కథలో ఇంకో సంగతి ఉంది. దుర్గాబాయికి ఎనిమిదో ఏటే పెళ్లి చేశారు. పెద్దయ్యాక ఆమె ఆ పెళ్లిలోంచి బయటికొచ్చింది, చదువుకుంది, లాయరైంది, ఆంధ్ర మహిళా సభ పెట్టింది, రాజ్యాంగ సభలో కూర్చుంది. ఈ పెళ్లి మాట పిల్లలకు చెప్పాలా? మా మూడో తరగతి పిల్లల వయసు సరిగ్గా ఎనిమిదేళ్లు. నేను చెప్పాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒక బాబు "మరి స్కూల్?" అన్నాడు. ఆ కాలంలో పెళ్లయిన పిల్లలకు స్కూల్ ఎలా ఆగిపోయేదో చెప్పాను. అంతకంటే ఎక్కువ చెప్పలేదు, వాళ్లూ అడగలేదు. పిల్లలు మోయగలిగినంత అడుగుతారు, అక్కడ ఆగుతారు. ఆ జవాబును అబద్ధంతో నింపకపోతే చాలు.

ఇక మన దగ్గరి మనిషి గురించి. పాలకుర్తి మనకు ఎంత దూరమో మీకు నేను చెప్పక్కర్లేదు, మన పిల్లల్లో సగం మందికి అటు చుట్టాలున్నారు. చాకలి ఐలమ్మ విగ్రహం చూడని పిల్ల మన స్కూల్లో లేదు. ఆమె ఏం చేసిందో చెప్పగలిగిన పిల్లలు మాత్రం జూన్‌లో ఇద్దరో ముగ్గురో. చిన్న పిల్లలకు సరిపడే పుస్తకం మా లైబ్రరీలో లేదు. లేకపోతే మనమే చేద్దామని నాలుగో తరగతితో మొదలుపెట్టాను. చార్టు పేపర్లు, స్కెచ్‌లు, సూదీదారం. నెలన్నర పట్టింది.

సంగతులు ఇవి. ఐలమ్మ 1895లో రాయపర్తి మండలం కృష్ణాపురంలో పుట్టింది. పాలకుర్తి చిట్యాల నర్సింహను పెళ్లాడింది. మల్లంపల్లి దొర దగ్గర 40 ఎకరాలు కౌలుకు తీసుకుని సాగు చేసింది. అది విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డికి నచ్చలేదు. పదుల ఊళ్ల మీద పెత్తనం ఆయనది. బట్టలుతికే ఇంటి ఆడమనిషి సొంతంగా వ్యవసాయం చేయడమా? అందులోనూ ఆమె ఆంధ్ర మహాసభ సంఘంలో చేరింది. పంట కోతకొచ్చినప్పుడు ఆయన మనుషులు పొలం మీదికొచ్చారు. సంఘం వాళ్లు అడ్డుపడి, పంట కోసి, వడ్లు ఐలమ్మ ఇంటికి చేర్చారు. ఆ తర్వాత ఆమె మీద, ఆమె కుటుంబం మీద కేసులు, దాడులు. ఇల్లు తగలబెట్టారు. భూమి మాత్రం వదల్లేదు. 1985 సెప్టెంబర్ 10న కన్నుమూసింది. 2024లో హైదరాబాద్ కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు.

మొదటి బొమ్మ ఒక బాబు వేశాడు. ఐలమ్మ కొండంత ఎత్తు, చేతిలో కర్ర, కాళ్ల దగ్గర చీమల్లా దొర మనుషులు. అందరూ చప్పట్లు కొట్టారు. అప్పుడొక పాప, వాళ్లది వ్యవసాయ కుటుంబమే, లేచి "మేడమ్, నలబై ఎకరాలు ఒక్కతే ఎట్ల కోసింది? మాకు రెండెకరాలకే పదిమంది కావాలె" అంది.

ఆ ప్రశ్నకు ఆ పాపకు ఎన్ని మార్కులైనా వేస్తాను. గొప్పవాళ్ల కథల్లో ఎక్కువగా దాగిపోయేది అదే, పక్కన నిలబడ్డ జనం. బొమ్మ మార్చాం. రెండు పేజీలు కలిపి పొలం గీసి, క్లాసులో ఒక్కొక్కరూ ఒక్కొక్క మనిషిని వేశారు. 34 మంది పిల్లలు, 34 కొడవళ్లు. ఒకడు ఎడమచేత్తో రాస్తాడు, తన మనిషికి కొడవలి ఎడమచేతిలోనే పెట్టాడు. ఎడమచేతివాళ్లకు కొడవలి వేరేగా చేయించాలని వాళ్ల తాత చెప్పాడట. ఐలమ్మ ఆ గుంపులో మధ్యన, అందరంత ఎత్తులోనే ఉంది.

మాటలతో కూడా తిప్పలే. గడి, వెట్టి, కల్లం, ఇవేవీ మన పిల్లలకు తెలియవు. కల్లం అంటే ఏమిటో ఒక నాయనమ్మ ఫోన్‌లో స్పీకర్ పెట్టి క్లాసు మొత్తానికి చెప్పారు. ఆమెకు ఈ పేజీ నుంచి దండాలు. వెట్టి అంటే పైసలియ్యకుండా పని చేయించుకోవడమని నేను చెబితే "హోంవర్క్ లెక్కనా మేడమ్?" అని వెనక బెంచీ నుంచి వినపడింది. దానికి నా దగ్గర తక్షణం జవాబు లేదు.

తర్వాత అట్ట మీద పేరు. చిట్యాల ఐలమ్మ అనాలా, చాకలి ఐలమ్మ అనాలా? విగ్రహం కింద ఉన్నది చాకలి ఐలమ్మే, యూనివర్సిటీ పేరులోనూ అదే. కానీ ఆ మాటను క్లాసులో కొందరు తిట్టులా వాడటం నేను విన్నాను. అది వాళ్లు ఎక్కడ నేర్చుకున్నారో నేనడగను, మీరూ ఆలోచించండి. ఇద్దరు ముగ్గురు పిల్లలు "చిట్యాల పెడదాం, బాగుంటది" అన్నారు. అప్పుడు ఎప్పుడూ మాట్లాడని ఒక పాప, "మా తాత గూడ బట్టలుతికెటోడు. చాకలి అనే రాయున్రి" అంది. అంతే, ఇంకెవరూ వాదించలేదు. అట్ట మీద ఆ పేరు ఆ పాపే రాసింది, ఎర్ర స్కెచ్‌తో. చివరి అక్షరానికి చోటు సరిపోక కిందికి జారింది, అలాగే ఉంచాం.

ఇదంతా రాజకీయం కాదా అని ఒకరిద్దరు అడిగారు. మన జిల్లాలో, మన తాతల కాలంలో, మనం బస్సులో దాటిపోయే పొలాల్లో జరిగింది ఇది. దీన్ని మన పిల్లలు మన దగ్గర వినకపోతే రేపు ఎవరి దగ్గర ఎలా వింటారో మన చేతిలో ఉండదు. కొన్ని సంగతులు నాలుగో తరగతికి చెప్పలేం, చెప్పలేదు కూడా.

పుస్తకంలోకి రావడానికి చనిపోయి ఉండాల్సిన అవసరం కూడా లేదు. పర్వతగిరి మండలం కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో, టీ20 విభాగంలో, కాంస్యం గెలిచింది. 55.82 సెకన్లు. అంతకుముందు అదే ఏడాది మే నెలలో జపాన్‌లోని కోబేలో ప్రపంచ రికార్డుతో స్వర్ణం తెచ్చింది. కూలి చేసుకునే ఇల్లు. మేధోపరమైన వైకల్యంతో పుట్టిన పిల్ల, ఊళ్లో వాళ్ల మాటలు పడి పెరిగింది. మన గ్రౌండులో 400 మీటర్లు పరుగెత్తించే చోటు లేదు కాబట్టి, పిల్లల్ని కళ్లు మూసుకుని 55 సెకన్లు లెక్కపెట్టమన్నాను. ఆ కాస్త సమయంలో కల్లెడ అమ్మాయి ఎంత దూరం వెళ్లిపోయిందో గోడ మీద గీత గీసి చూపించాను.

మీకు ఒక విన్నపం. ఈ పుస్తకం చదివి వినిపించాక "చూడు, ఆమె ఎంత కష్టపడిందో, నువ్వూ ఉన్నావు" అనకండి. దయచేసి. ఆ ఒక్క మాటతో దీప్తి, సింధు, అన్నా మణి అందరూ పక్కింటి ర్యాంకు పిల్లలైపోతారు, ఆ పుస్తకం మళ్లీ తెరుచుకోదు. ఏ బొమ్మ నచ్చిందో అడగండి, చాలు. నచ్చలేదంటే ఎందుకో వినండి.

ఇంకొక సంగతి చెప్పి ముగిస్తాను. ఒక బాబు వరుసగా మూడు వారాలు అన్నా మణి పుస్తకమే అడిగాడు. ఇంకొకటి తీసుకోరా అంటే "నేను సదివిన మేడమ్. అక్క సదువుతుంది. అక్కది గవర్నమెంట్ స్కూలు" అన్నాడు. కొడుకు ఇక్కడ, బిడ్డ అక్కడ చదివే ఇల్లు మన ఊళ్లో అదొక్కటే కాదని మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరి ఫీజు కట్టడం ఎంత భారమో కూడా తెలుసు, నేనూ నెల జీతం మనిషినే. సర్కారు బడిలో మంచి టీచర్లు ఉన్నారు, ఆ పిల్ల బాగానే చదువుతోందని వాడే చెప్పాడు. కానీ ఇద్దరిలో ఎవరిని ఎక్కడికి పంపాలో ఎలా తేలిందని ఆ పిల్ల ఎప్పుడైనా అడిగి ఉంటే, ఇంట్లో ఏం జవాబు చెప్పారో వినాలని నాకుంది.

మేడమ్ ప్రిన్సిపాల్‌తో మాట్లాడాను. ఈ నెల నుంచి ఇంట్లో అక్కలు, చెల్లెళ్లు, తమ్ముళ్లు ఎవరు చదివేవాళ్లున్నా, ఏ బడిలో చదువుతున్నా, డైరీలో ఒక లైన్ రాసి సంతకం పెడితే రెండో పుస్తకం కూడా ఇస్తాం. శుక్రవారం ఇచ్చినవి బుధవారానికి తిరిగి రావాలి. వానాకాలం కాబట్టి ప్లాస్టిక్ కవరులో పెట్టి పంపండి, టిఫిన్ బాక్సుకు దూరంగా. ఐలమ్మ పుస్తకం ఒక్కటే కాపీ ఉంది. దానికి నాలుగో తరగతి క్లాస్ టీచర్ దగ్గర పేర్లు రాయిస్తున్నాం, వంతు వచ్చినవాళ్లు రెండు రోజులు ఉంచుకోవచ్చు. ఇంట్లో పెద్దవాళ్లకు అందులో తప్పు ఏదైనా కనిపిస్తే పెన్సిల్‌తో పక్కన రాయించండి. పిల్లలు సరిదిద్దుతారు.